బ్రోకర్ ఆగితే కౌంటర్ ఎందుకు ఆగాలి?

హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ముఖ్యమైన విషయాలు ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 39 ఏళ్లు. పిల్లల కోసం ఎనిమిదేళ్లు ఉద్యోగం మానుకుని, 14 నెలల కిందట ఒక చిన్న సంస్థలో జావా డెవలపర్‌గా చేరారు. రక్తపరీక్షా కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థ అది. కౌంటర్‌లో రోగి వివరాలు నమోదు చేయగానే వెబ్ అప్లికేషన్ నుంచి యాక్టివ్‌ఎంక్యూ అనే మెసేజ్ బ్రోకర్‌కు, అంటే ప్రోగ్రాంల మధ్య సందేశాలు చేరవేసే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్‌కు, ఒక సందేశం వెళ్తుంది. మరో ప్రోగ్రాం ఆ సందేశాన్ని అందుకుని రసీదు తయారుచేసి, రోగి ఫోనుకు ఎస్ఎంఎస్ పంపుతుంది. అన్ని కేంద్రాలూ కలిపి రోజుకు సుమారు 2,000 నమోదులు. ఇదంతా రాసిన సీనియర్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. అప్లికేషన్‌ను డాకర్ కంటైనర్లలోకి (ఒక్కో ప్రోగ్రాంను విడిగా నడిపే పెట్టెల్లాంటివి) మార్చే పని ఈమె మీద పడింది.

"నా ల్యాప్‌టాప్‌లో అన్నీ పనిచేస్తాయి. సందేశం వెళ్తుంది, అందుతుంది, రసీదు తయారవుతుంది. కానీ బ్రోకర్ కన్సోల్ తెరిచి చూస్తే ఆ క్యూ (సందేశాల వరుస) పేరే ఉండదు. టెస్ట్ సర్వర్‌లో పెడితే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటుంది. కొత్త లైబ్రరీ అయితే మేలేమోనని యాక్టివ్‌ఎంక్యూ 6 పెట్టాను. అప్పటినుంచి అప్లికేషన్ లేవడమే లేదు, జకార్తా పేరుతో ఏదో క్లాసు దొరకలేదంటుంది. నాలుగు రాత్రులు దీనితోనే గడిచాయి" అని రాశారు.

ఇంతలో గత సోమవారం తెల్లవారుజామున, కేంద్రాలు రోజూ వాడే అసలు సర్వర్ల గదిలో కరెంటు పోయి వచ్చింది. ఆరున్నరకు కేంద్రాలు తెరిచేసరికి నమోదు పేజీ తిరుగుతూనే ఉంది. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు రెండు గంటలకు పైగా నిలబడిపోయారు. సందేశాలతో సంబంధం లేని రిపోర్టుల పేజీ కూడా తెరుచుకోలేదు. 8:40కి ఎవరో చూసి బ్రోకర్‌ను మొదలుపెట్టగానే అన్నీ ఒక్కసారిగా కదిలాయి. ఒక పెద్దాయనకు మాత్రం ఐదు ఎస్ఎంఎస్‌లు వెళ్లాయి. ఆయన పేరుతో ఐదు నమోదులు ఉన్నాయి. ఆ సాయంత్రం మేనేజర్ అందరి ముందూ "మెసేజింగ్ జోలికి వెళ్లింది మీరే కదా" అన్నారట. శుక్రవారం సమావేశంలో కారణమూ పరిష్కారమూ చెప్పమన్నారు. పక్క సీటులో కూర్చునే అబ్బాయి "అక్కా, ఏమైనా సహాయం కావాలా" అని అడిగితే అవసరం లేదన్నారట. తనకంటే పన్నెండేళ్లు చిన్నవాడి దగ్గర తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాలేదని రాశారు. భర్త "ఇంత నలిగిపోవడం ఎందుకు, మానేయి" అంటున్నారు. అసలు సర్వర్‌లో నడుస్తున్నది స్ప్రింగ్ బూట్ (జావా అప్లికేషన్లకు పునాది లైబ్రరీ) 2.7, జావా 17, యాక్టివ్‌ఎంక్యూ 5.15.9 అని, నెలకు పది పన్నెండు రసీదులు "నమోదు సంఖ్య దొరకలేదు" అన్న లాగ్‌తో తప్పిపోతుంటాయని చివర్లో ఒక్క వాక్యంలో చేర్చారు. ఏ అమరిక సరైనది, పాత సీనియర్ పనిలో లోపం ఉందని చెప్పవచ్చా, ఈ ఉద్యోగంలో ఉండాలా అన్నవి ఆమె అడిగిన మూడు ప్రశ్నలు.

సమాధానం:

ముందు సోమవారం సంగతి. మీరు మార్చినవన్నీ టెస్ట్ సర్వర్‌లోనే ఉన్నాయని మీరే రాశారు. అసలు సర్వర్‌లో ఉన్నది పాత అమరికే. కాబట్టి ఆ ఉదయం జరిగినదానికి మీ పని కారణం కాదు. ఈ మాట శుక్రవారం నెమ్మదిగా, తేదీలతో సహా చెప్పండి. ఏ మార్పు ఏ రోజు ఏ సర్వర్‌కు వెళ్లిందో కోడ్ భండారంలోనూ, సర్వర్‌కు పంపిన పట్టికలోనూ ఉంటుంది. దాన్ని ముద్రించి తీసుకెళ్లండి.

మీరు ఒకే సమస్యగా రాసినవి నిజానికి నాలుగు. వాటిని ఒకే ముడిగా లాగడం వల్లే నాలుగు రాత్రులు పట్టింది.

ల్యాప్‌టాప్‌లో పనిచేయడం మొదటిది. అక్కడ మీరు ఆ బ్రోకర్‌తో ఇంతవరకూ మాట్లాడనే లేదని నా అనుమానం. స్ప్రింగ్ బూట్ 2లో బ్రోకర్ చిరునామా ఇవ్వకపోయి, బ్రోకర్ లైబ్రరీ మాత్రం ప్రాజెక్టులో ఉంటే, అప్లికేషన్ తన కడుపులోనే ఒక చిన్న బ్రోకర్‌ను మొదలుపెట్టుకుంటుంది. అది కంప్యూటర్ మెమరీలోనే బతికి, అప్లికేషన్‌తోపాటే పోతుంది. సందేశాలు వెళ్లడం, రావడం అంతా ఆ ఇంట్లోనే జరుగుతుంది. బయట ఉన్న కన్సోల్‌లో క్యూ కనిపించకపోవడానికి అదే కారణం. మీరు గమనించిన ఆ "విచిత్రం" ఉత్తరం మొత్తంలో నాకు దొరికిన మంచి ఆధారం. మీ కన్ను సరిగ్గానే పట్టింది, దాన్ని నమ్మి ఒక అడుగు ముందుకు వేయలేదు, అంతే. ల్యాప్‌టాప్ అమరికలో కూడా చిరునామాను స్పష్టంగా రాయండి. అప్పుడు బ్రోకర్ లేకపోతే లేదనే చెబుతుంది.

టెస్ట్ సర్వర్‌లో వచ్చిన కనెక్షన్ రెఫ్యూజ్డ్ రెండోది. చిరునామాలో లోకల్‌హోస్ట్, పోర్టు 61616 అని ఉందని రాశారు. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. మీ అప్లికేషన్ తన సొంత ఇంటి తలుపే తట్టి, లోపల ఎవరూ లేరని వాపోతోంది. డాకర్ కంపోజ్ ఫైల్లో బ్రోకర్‌కు ఏ సేవ పేరు పెట్టారో ఆ పేరే చిరునామాలో రావాలి. ఆ పేరు టెస్ట్‌లో ఒకటి, అసలు సర్వర్‌లో ఒకటి కాబట్టి వార్ ఫైల్ (అప్లికేషన్ మొత్తాన్ని కట్టిన మూట) లోపల రాయకండి. చిరునామా, వాడుకరి పేరు, పాస్‌వర్డ్ ఈ మూడూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లుగా బయటి నుంచి అందాలి. మరొక చిన్న జాగ్రత్త: కన్సోల్ 8161 పోర్టులో తెరుచుకున్నంత మాత్రాన 61616 పనిచేస్తున్నట్టు కాదు. అవి రెండు వేర్వేరు తలుపులు.

జకార్తా గొడవ మూడోది. ఇందులో మీ తెలివితేటల ప్రసక్తే లేదు, ఇది చరిత్ర పెట్టిన చిక్కు. పెద్ద జావా అప్లికేషన్లకు ప్రమాణమైన జావా ఈఈని 2017లో ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నట్టు ఒరాకిల్ ప్రకటించింది. కానీ జావాఎక్స్ అన్న ప్యాకేజీ (క్లాసుల సముదాయం) పేరుతో కొత్త మార్పులు చేసుకునేందుకు ఒప్పందం కుదరలేదు. అందుకని 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ప్యాకేజీలన్నీ జకార్తా పేరుకు మారాయి. మీరు ఉద్యోగానికి దూరంగా ఉన్న ఆ ఎనిమిదేళ్లలోనే ఇది జరిగింది. స్ప్రింగ్ బూట్ 2.7, వెబ్ అప్లికేషన్‌ను నడిపే టామ్‌క్యాట్ 9 పాత పేరు వైపు ఉన్నాయి. స్ప్రింగ్ బూట్ 3, టామ్‌క్యాట్ 10, యాక్టివ్‌ఎంక్యూ 6 క్లయింట్ లైబ్రరీ కొత్త పేరు వైపు ఉన్నాయి. ఈ రెండు ఒడ్లనూ కలపలేరు. 5 వరుసలోనే ఉండి 5.18.3 గానీ, ఆ వరుసలో తర్వాతిది గానీ తీసుకోండి.

ఆ సంఖ్య ఊరికే చెప్పలేదు. 2023 అక్టోబర్‌లో యాక్టివ్‌ఎంక్యూలో ఒక తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. 61616 పోర్టును చేరగలిగినవాళ్లు ఎవరైనా ఆ యంత్రం మీద తమ ఆదేశాలు నడిపించవచ్చు. 5.15 వరుసలో దాన్ని 5.15.16లో సరిచేశారు. మీ అసలు సర్వర్‌లో ఉన్నది 5.15.9. అది రోగుల వివరాలు నడిచే దారి. మిగతావన్నీ శుక్రవారం దాకా ఆగవచ్చు, ఇది ఆగకూడదు. ఈ రోజే మేనేజర్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ పోర్టు బయటి నెట్‌వర్క్‌కు తెరిచి ఉందో లేదో చూడమనండి. కన్సోల్ పాస్‌వర్డ్ మొదట వచ్చినదే ఉంటే అదీ మార్చమనండి.

ఇక నాలుగోది, సోమవారం నాటిది. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

పాత అమరికలో బ్రోకర్ చిరునామా ఫెయిల్‌ఓవర్ అన్న మాటతో మొదలవుతుందని రాశారు. ఆ మాట మంచిదే. బ్రోకర్‌తో సంబంధం తెగితే తనంతట తానే మళ్లీ కలుపుకుంటుంది. కానీ ఎంతసేపు ప్రయత్నించాలో చెప్పకపోతే అంతు లేకుండా ప్రయత్నిస్తుంది. అంతవరకూ సందేశం పంపబోయిన థ్రెడ్ (అప్లికేషన్‌లో ఒక్కో అభ్యర్థన పనిని చూసేది) తప్పు చెప్పదు, వెనక్కి రాదు, అక్కడే నిలబడుతుంది. ఒక చిన్న క్యూ ప్రోగ్రాంలో అది సుగుణం. కౌంటర్ ముందు మనిషి నిలబడి ఉన్న వెబ్ పేజీలో అదే ప్రమాదం.

రిపోర్టుల పేజీ ఎందుకు ఆగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. మీ నమోదు పద్ధతిలో డేటాబేస్ లావాదేవీ మొదలై, పట్టికలో రోగి వివరాల వరుస చేరి, ఆ తర్వాత సందేశం పంపి, చివరికి కమిట్ అవుతుంది, అంటే నమోదు ఖాయమవుతుంది. సందేశం దగ్గర థ్రెడ్ ఆగిందంటే దాని చేతిలోని డేటాబేస్ కనెక్షన్ కూడా ఆగిపోయినట్టే. స్ప్రింగ్ బూట్ డేటాబేస్ కనెక్షన్లను దాచి పంచే హికారీ పూల్‌లో మనం మార్చకపోతే ఉండేవి 10 కనెక్షన్లు. నాలుగు కౌంటర్లలో ఒక్కొక్కరు మూడుసార్లు నొక్కితే 12. పది నొక్కులకే పూల్ ఖాళీ. ఆ తర్వాత రిపోర్టుల పేజీ తెరవబోయిన ప్రతివారూ 30 సెకన్లు ఎదురుచూసి తప్పు సందేశం చూస్తారు. టామ్‌క్యాట్‌లో 200 థ్రెడ్లున్నా ఇక్కడ వాటితో ప్రయోజనం లేదు. బ్రోకర్ లేవగానే ఇరుక్కున్న థ్రెడ్లన్నీ ముందుకు నడిచి కమిట్ చేశాయి. పెద్దాయన పేరు మీద ఐదు నమోదులు అలా వచ్చినవే. ఆ ఉదయం ఎవరైనా జేస్టాక్‌తో థ్రెడ్ల జాబితా తీసి ఉంటే, పది థ్రెడ్లూ బ్రోకర్‌కు సందేశం పంపే చోటే నిలబడి కనిపించేవి. మళ్లీ ఇలా జరిగితే ఎవరూ ఏదీ రీస్టార్ట్ చేయకముందే అది తీయండి.

నెలకు పది పన్నెండు రసీదులు తప్పిపోవడం కూడా ఈ వరుసక్రమం పుణ్యమే. సందేశం కమిట్‌కు ముందే వెళ్తోంది. అవతలి ప్రోగ్రాం చురుకుగా ఉన్న క్షణాల్లో, డేటాబేస్‌లో వరుస ఇంకా ఎవరికీ కనపడకముందే వెతికి, దొరకలేదంటోంది. తర్వాత చేత్తో నడిపితే దొరుకుతుంది. పైగా ఆ ప్రోగ్రాం తప్పును పట్టుకుని లాగ్‌లో రాసి ఊరుకుంటోందని మీరు పంపిన కోడ్ ముక్కలో చూశాను. అలా మింగకుండా పైకి వదిలితే, లావాదేవీతో నడిచే లిజనర్ (సందేశం అందుకునే భాగం) విషయంలో యాక్టివ్‌ఎంక్యూ మామూలుగా ఆరుసార్లు తిరిగి అందిస్తుంది. అప్పటికీ కుదరకపోతే, అందని సందేశాల కోసం ఉన్న డెడ్ లెటర్ క్యూలో పెడుతుంది. కనీసం ఏవి తప్పిపోయాయో లెక్క తెలుస్తుంది.

ఇప్పుడు ఏ అమరిక సరైనదన్న మీ ప్రశ్న. దానికి ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటి ఉంది: బ్రోకర్ ఆగినప్పుడు కౌంటర్ దగ్గర ఉన్న మనిషికి ఏం జరగాలి? నమోదు ఆగాలా, నమోదు జరిగి ఎస్ఎంఎస్ ఆలస్యమవ్వాలా, ఎస్ఎంఎస్ పోయినా ఫరవాలేదా? ఇది మీరొక్కరే తేల్చేది కాదు. కేంద్రాలతో మాట్లాడేవాళ్లు చెప్పాలి. శుక్రవారం మీరు బల్ల మీద పెట్టవలసింది ఈ ప్రశ్నే. జవాబును బట్టి దారులు మారతాయి.

అన్నిటికంటే తక్కువ పని: ఫెయిల్‌ఓవర్ చిరునామాకు టైమ్‌అవుట్ చేర్చడం, ఉదాహరణకు 3000 మిల్లీసెకన్లు. ఆ మాట చిరునామాలోని బ్రాకెట్టు బయట రావాలి. లోపల రాస్తే అది లోపలున్న టీసీపీ (నెట్‌వర్క్) చిరునామాకు చెందుతుంది, ఫెయిల్‌ఓవర్‌కు అందదు. చాలామంది ఇక్కడ పొరబడతారు, నేనూ ఒకప్పుడు ఒక పూటంతా పోగొట్టుకున్నాను. ఇది ఒక్క వరుస మార్పు, రేపే చేయవచ్చు. సైటు మొత్తం స్తంభించిపోదు. కానీ మూడు సెకన్ల తర్వాత తప్పు వచ్చి లావాదేవీ వెనక్కి వెళ్తుంది, అంటే బ్రోకర్ లేనంతసేపూ నమోదు జరగదు. ఆ తప్పును పట్టుకుని నమోదును మాత్రం కొనసాగిస్తే ఎస్ఎంఎస్ పోతుంది. రెండింటిలో ఏది ఫరవాలేదో పై ప్రశ్నే చెప్పాలి.

రెండో దారి, కమిట్ తర్వాతే సందేశం పంపడం. స్ప్రింగ్‌లో ఆఫ్టర్ కమిట్ దశకు కట్టిన ఈవెంట్ లిజనర్‌తో కొద్ది మార్పులోనే అయిపోతుంది. నమోదు సంఖ్య దొరకని బాధ తీరుతుంది. అయితే కమిట్‌కూ పంపడానికీ మధ్య అప్లికేషన్ పడిపోతే ఆ సందేశం జాడ ఎక్కడా మిగలదు. ఇంకొకటి, ఆ దశలో కూడా డేటాబేస్ కనెక్షన్ ఇంకా పూల్‌కు తిరిగి వెళ్లి ఉండదు. కమిట్ అయిపోయింది కదా అని టైమ్‌అవుట్ మానేస్తే సోమవారం మళ్లీ వస్తుంది.

మూడోది, సందేశాన్ని కూడా డేటాబేస్‌లోనే ఒక పట్టికలో, రోగి వరుసతోపాటు ఒకే లావాదేవీలో రాయడం. దీన్ని అవుట్‌బాక్స్ అంటారు. కొన్ని సెకన్లకోసారి ఒక చిన్న పని లేచి, ఆ పట్టికలో మిగిలినవి బ్రోకర్‌కు పంపి, పంపినట్టు గుర్తు పెడుతుంది. కౌంటర్‌కు బ్రోకర్ ఉందో లేదో తెలియవలసిన అవసరమే ఉండదు. దీనికీ ఖర్చుంది. పంపిన తర్వాత, గుర్తు పెట్టకముందు పడిపోతే అదే సందేశం రెండోసారి వెళ్తుంది. కాబట్టి ప్రతి సందేశానికీ ఒక సంఖ్య ఇచ్చి, అవతలి ప్రోగ్రాం ఆ సంఖ్యను ఇదివరకే చూసిందేమో సరిచూసుకోవాలి. పట్టికను ఎప్పటికప్పుడు శుభ్రం చేయాలి. మీ వేగానికి టెస్ట్‌తో కలిపి రెండు వారాల పని అనుకోండి.

నాలుగో దారి చెప్పడానికి కొందరు జంకుతారు. ఆ పట్టిక ఉన్న తర్వాత, రోజుకు 2,000 సందేశాలకు బ్రోకర్ అవసరమేనా? రసీదు ప్రోగ్రాం నేరుగా ఆ పట్టిక నుంచే తీసుకోవచ్చు. రెండు సర్వర్లు ఒకే వరుసను లాక్కోకుండా పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్‌లు రెండింటిలోనూ స్కిప్ లాక్డ్ అనే సదుపాయం ఉంది. చూసుకోవలసిన యంత్రం ఒకటి తగ్గుతుంది, భద్రతా లోపాల బెంగ ఒకటి తగ్గుతుంది. రేపు మరో నాలుగు ప్రోగ్రాంలు అదే సమాచారం కావాలంటే మాత్రం బ్రోకర్‌ను తీసేసినందుకు చింతిస్తారు. ఈ సంగతి మీకంటే మీ మేనేజర్‌కు బాగా తెలుస్తుంది, అడగండి.

డేటాబేస్‌నూ బ్రోకర్‌నూ ఒకే లావాదేవీలో కట్టే ఎక్స్‌ఏ పద్ధతిని ఎవరైనా సూచిస్తే, టామ్‌క్యాట్‌లో దానికి సొంత ట్రాన్సాక్షన్ మేనేజర్ లేదని, బయటి నుంచి తెచ్చుకుని దాన్నీ కాపాడుకోవాలని చెప్పండి. బ్రోకర్ ఆగితే ఆ పద్ధతిలోనూ నమోదు ఆగుతుంది.

నా మొగ్గు ఎటని అడిగితే, ఈ వారం టైమ్‌అవుట్, వచ్చే నెలలో అవుట్‌బాక్స్. నమోదు బటన్‌ను ఒకసారి నొక్కాక పేజీ స్పందించేవరకూ మళ్లీ నొక్కనివ్వకుండా చేయడం కూడా ఈ వారమే. ఒకే రోగికి ఐదు నమోదులు రావడం బ్రోకర్ తప్పొక్కటే కాదు. స్ప్రింగ్ బూట్ 2.7కు ఉచిత మద్దతు 2023 నవంబర్‌లోనే ముగిసింది కనుక 3కు వెళ్లక తప్పదు. కానీ దాన్ని ఈ పనితో కలపకండి.

పాత సీనియర్ గురించి. ఆయన అమరికలో లోపం ఉంది. దాన్ని చెప్పకుండా కారణం వివరించలేరు. మనిషి పేరు ఎత్తకుండా, "ఈ వరుసకు కాలపరిమితి లేదు, అందువల్ల ఇలా జరిగింది" అని వరుసను చూపించి చెప్పండి. మేనేజర్ అందరి ముందూ అన్న మాటకు అందరి ముందే బదులు చెప్పాలని మీకు అనిపించవచ్చు. ఆ హక్కు మీకుంది. దానికి ఫలితం, ఆ గంట మొత్తం తప్పెవరిదన్న చర్చకే పోవచ్చు. సమావేశానికి ముందు రోజే తేదీల పట్టికతో ఆయన గదికి వెళ్లి మాట్లాడితే, సరిదిద్దుకునే అవకాశం ఆయనకూ ఇచ్చినట్టవుతుంది. అప్పటికీ ఆయన అదే పాట పాడితే, అందరి ముందూ చెప్పడానికి వెనుకాడకండి.

ఉద్యోగం మానడం గురించి మీవారు చెప్పింది మీ మీద ప్రేమతోనే. మానేస్తే నిద్ర వస్తుంది, నిజమే. కానీ ఇప్పుడు మానేస్తే సోమవారం మీ వల్లే జరిగిందన్న మాట అక్కడ అలాగే నిలిచిపోతుంది, మీ మనసులో కూడా. శుక్రవారం తర్వాత కూడా ఆ సంస్థ ఇలాగే మాట్లాడితే వేరే చోట వెతుక్కోండి. అప్పుడు ఈ కారణాలన్నీ మీ నోటితో చెప్పగలిగిన స్థితిలో బయటికి వెళ్తారు. మరో సంస్థలో ముఖాముఖికి అంతకంటే మంచి సరుకు దొరకదు.

ఇక అక్కా అని పిలిచే అబ్బాయి. ఒక్క మాట కఠినంగా అంటాను, మన్నించండి. ఆ నాలుగు రాత్రుల్లో కనీసం మూడు, అడిగి ఉంటే మిగిలేవి. జకార్తా సంగతి అతనికి పది నిమిషాల్లో చెప్పగలిగేంత తెలిసి ఉండవచ్చు, ఎందుకంటే అది మారిన రోజుల్లో అతను ఆ పనిలోనే ఉన్నాడు. కౌంటర్ దగ్గర పరగడుపున నిలబడిన మనిషి గురించి మీరు ఉత్తరంలో రాసినంత శ్రద్ధగా అతను ఆలోచించి ఉండకపోవచ్చు. రేపు అతన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. టెస్ట్ సర్వర్‌లో బ్రోకర్‌ను మీ చేతులతోనే ఆపి, ఐదుగురు రోగులను నమోదు చేయండి. పేజీ ఎన్ని సెకన్లలో తిరిగి వచ్చిందో, పట్టికలో ఎన్ని వరుసలు చేరాయో, బ్రోకర్‌ను మళ్లీ మొదలుపెట్టాక ఎన్ని రసీదులు వచ్చాయో ఇద్దరూ రాసుకోండి. టైమ్‌అవుట్ లేకుండా ఒకసారి, పెట్టాక ఒకసారి. ఆ రెండు కాగితాలూ శుక్రవారం మీ చేతిలో ఉండాలి. అసలు బ్రోకర్ యంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తానే బ్రోకర్‌ను లేపేలా సేవగా నమోదు చేసి ఉందో లేదో కూడా అదే రోజు అడిగి తెలుసుకోండి.